లిగమెంట్ ఆపరేషన్ తర్వాత తొడ సన్నబడితే నడక ఒక్కటే సరిపోదు

తమ్ముడూ, ఏసీఎల్ (మోకాలి లోపల ఎముకలను కలిపి పట్టే లిగమెంట్) ఆపరేషన్ అయి మూడు నెలలైనా తొడ సన్నగానే ఉందని, మెట్లు దిగుతుంటే మోకాలు వదిలేసినట్టు అవుతోందని రాశావు. రోజూ నడిస్తే అదే వస్తుందని ఇంట్లోవాళ్లు అంటున్నారన్నావు. నడకతో ఆయాసం తగ్గుతుంది కానీ తొడ బలం తిరిగి రాదు. నాకూ కబడ్డీలోనే ఇదే లిగమెంట్ తెగింది. హన్మకొండలో నాకు చూసిన ఫిజియో ముందుగా చెప్పింది ఇదే.

మోకాలికి దెబ్బ తగిలి నీరు చేరితే, అక్కడి నరాల నుంచి వెళ్లే సంకేతాల వల్ల తొడ ముందు కండ, అంటే క్వాడ్రిసెప్స్, మనం ఎంత బిగించినా పూర్తిగా బిగుసుకోదు. మోటారు బాగానే ఉన్నా కరెంటు సరిగా రానట్టు. పని లేక ఆ కండ తర్వాత కరిగిపోతుంది. ఇందులో నీ బద్ధకం ఏమీ లేదు, బాధపడకు.

ముందు కాలు పూర్తిగా చాపి చూడు. రెండో మోకాలంత తిన్నగా రాకపోతే మొదటి పని అదే. తర్వాత మోకాలి కింద టవల్ చుట్ట పెట్టి, కిందికి నొక్కుతూ తొడ బిగించి 5 నుంచి 10 సెకన్లు ఆపు. కాలు తిన్నగా పైకి లేపేటప్పుడు మోకాలు కాస్త వంగిపోతోందంటే కండ ఇంకా అందుకోలేదన్నమాట. అప్పుడు ఫిజియో దగ్గర కరెంటు పెట్టే మిషన్ బాగా పనికొస్తుంది.

అసలు బలం మాత్రం బరువుతోనే వస్తుంది. రెండు కాళ్లతో గుంజీలు తీస్తే మనకు తెలియకుండానే బాగున్న కాలే ఎక్కువ బరువు మోస్తుంది. అందుకే ఫిజియో సరేనన్నాక ఆపరేషన్ కాలితో విడిగా చెయ్యాలి: తక్కువ ఎత్తు మెట్టు మీద నుంచి మెల్లగా దిగడం, లెగ్ ప్రెస్ (జిమ్‌లో కూర్చుని కాలితో బరువు నెట్టే మిషన్), వారాలు గడిచేకొద్దీ బరువు పెంచడం. మర్నాడు మోకాలు వాస్తే బరువు తగ్గించు. పిక్క వాచి నొప్పి పుడితే మాత్రం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లు, రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు.

సంక్రాంతి పోటీలకు దిగమని ఊళ్లో దోస్తులు పట్టుబడతారు. ఒప్పుకోకు. కనీసం 9 నెలలు దాటాలి, టెస్టులో ఆ తొడ బలం రెండోదానితో పోలిస్తే 90 శాతమైనా ఉండాలి. టేపుతో కొలిచే చుట్టుకొలత ఒక్కటే నమ్మొద్దు.

గ్రాఫ్ట్, అంటే తెగిన లిగమెంట్ బదులు పెట్టిన ముక్క, ఎక్కడి నుంచి తీశారో డిశ్చార్జి కాగితంలో చూడు. దాన్నిబట్టి కొన్ని వ్యాయామాలు ఆలస్యంగా మొదలుపెట్టిస్తారు, కాబట్టి ఆ కాగితం ఫిజియోకు చూపించు.