ర్యాప్ టాప్ మెడ జారకుండా ఉండాలంటే

అమ్ములూ,

ర్యాప్ టాప్ కుడతానంటూ నువ్వు పంపిన ఫొటోలు చూశాను. ప్యాటర్న్ (ముక్కల ఆకారాలు గీసిన కాగితం) కవరు వెనకవైపు కూడా పంపి మంచిపని చేశావు, అసలు సంగతులన్నీ అక్కడే ఉంటాయి. ఇన్నాళ్లూ నువ్వు సాగని నూలు బట్టలే కుట్టావు, చక్కగా కుట్టావు. సాగే బట్ట పట్టుకోవడం ఇదే మొదటిసారి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. ర్యాప్ టాప్ అంటే ముందు భాగాలు రెండూ ఒకదాని మీద ఒకటి చుట్టి నాడాలతో కట్టుకునేది కదా, అందులో అందరినీ ఏడిపించేది ఒకటే: ఛాతీ మీద ఏటవాలుగా దిగే ఆ మెడ అంచు. వంగితే చాలు, నోరు తెరుచుకుంటుంది. అందుకే నేను ఏం చెప్పినా చివరికి ఆ అంచు దగ్గరికే వస్తాను.

ముందు సైజు. షాపులో నువ్వు కొనుక్కునే సైజు నంబరు ఇక్కడ పనికిరాదు, మర్చిపో. టేపుతో కొలుచుకుని కవరు మీది పట్టికలో చూసుకో. అందులో శరీరం కొలతలు వేరే, తయారైన టాప్ కొలతలు వేరే ఉంటాయి. ఛాతీ 92 సెంటీమీటర్లు అని ఉన్న సైజుకి తయారైన టాప్ 88 అని కనిపిస్తే అది అచ్చుతప్పు కాదు. సాగే బట్ట ఒంటికి అతుక్కుని నిలబడాలని కావాలనే అలా తగ్గిస్తారు. నీకు ఛాతీ నిండుగా ఉంటుంది, భుజాలు సన్నం. కాబట్టి చంకల కిందుగా, ఛాతీకి పైగా టేపు చుట్టి ఆ కొలతతో సైజు ఎంచుకో. నిండు ఛాతీ కొలతతో ఎంచుకున్నావంటే భుజాలూ మెడా వెడల్పైపోతాయి, ఆ వదులంతా మెడ అంచులోకే వస్తుంది. ఛాతీ దగ్గర చాలకపోతే అక్కడ మాత్రం పెంచుకోవచ్చు.

కవరు మీద ఒక గీత అచ్చు వేసి, బట్ట ఇక్కడి నుంచి ఇక్కడి దాకా సాగాలి అని రాసుంటుంది. దాన్ని తేలిగ్గా తీసుకోకు. బట్టని అడ్డంగా మడత పెట్టి, అంచుకి కాస్త దూరంలో 10 సెంటీమీటర్లు వేళ్లతో పట్టుకుని లాగు. హాయిగా 15 దాకా వస్తే 50 శాతం సాగుతున్నట్టు. బలవంతంగా లాగితే అంచులు తాడులా చుట్టుకుపోయి వస్తే మాత్రం అది లెక్కలోకి రాదు. తర్వాత వదిలేసి చూడు. మళ్లీ 10కి రావాలి. 11 దగ్గరే ఆగిపోతే రెండు గంటలు వేసుకునేసరికి మోచేతుల దగ్గర సంచులు పడతాయి. నువ్వు కొన్నది లైక్రా (సాగే దారం) కలిసిన విస్కోస్ జెర్సీ, అంటే అల్లిక బట్ట, అన్నావు కదా, ర్యాప్‌కి మంచి బట్ట, అందంగా జాలువారుతుంది. 1974లో డిజైనర్ డయాన్ వాన్ ఫర్‌స్టెన్‌బర్గ్ తెచ్చిన ర్యాప్ డ్రెస్ కూడా జెర్సీదే. బొత్తాలూ జిప్పులూ లేకుండా చుట్టి కట్టుకునే బట్ట ఒంటి తీరుకి ఒదగాలి మరి. కాకపోతే విస్కోస్ బరువు. తన బరువుకి తానే కిందికి సాగుతుంది. అది మనసులో పెట్టుకో.

తర్వాత ఎలా ఉతుకుతావో అలాగే ముందు ఒకసారి ఉతుకు. తీగ మీద వేలాడదీయకుండా పరిచి ఆరబెట్టు.

కత్తిరించేటప్పుడు బట్ట బల్ల అంచు నుంచి కిందికి వేలాడకూడదు. వేలాడిన భాగం మిగతాదాన్ని లాగేస్తుంది, సాగిన బట్టనే నువ్వు కత్తిరిస్తావు. ఎత్తగానే అది ముడుచుకుని ముక్క చిన్నదైపోతుంది. పిన్నులు గుచ్చే బదులు కాగితం మీద బరువులు పెట్టు. నేనొకసారి బట్టని ఒంటి పొరగా పరిచి, ముందు భాగం కాగితాన్ని తిప్పకుండా రెండుసార్లూ ఒకే వైపు పెట్టి కత్తిరించాను. రెండూ కుడివైపు ముక్కలే వచ్చాయి. బట్ట అయిపోయింది, మళ్లీ అదే రంగు దొరకలేదు. చాలా బాధపడ్డాను. అప్పటి నుంచి కాగితానికి ఒక వైపు 'కుడి', రెండో వైపు 'ఎడమ' అని రాసుకుంటాను. కత్తిరించగానే ప్రతి ముక్క మంచివైపున చిన్న టేపు ముక్క అంటిస్తాను. మంచివైపు ఏదో తెలియకపోతే అడ్డంగా కత్తిరించిన అంచుని కొంచెం లాగి చూడు. మామూలు సింగిల్ జెర్సీ మంచివైపుకే చుట్టుకుంటుంది.

ఇక మెడ అంచు. భుజం దగ్గర మొదలై ఛాతీ మీదుగా అవతలి పక్క నడుము దాకా క్రాస్‌గా వెళ్తుంది. క్రాస్ అంటే నూలు బట్ట కూడా సాగుతుందని నీకు తెలుసు. ఇది జెర్సీ, ఇంక అడగాలా? బరువుకి సాగుతుంది, మిషన్ పాదం కింద సాగుతుంది, మనం చేత్తో పట్టుకున్నా సాగుతుంది. అందుకే బట్ట కత్తిరించక ముందే, కాగితం మీదే సగం పని అయిపోవాలి. మెడ మొదలయ్యే చోటు నుంచి ఛాతీ మీదుగా పక్క నడుము దాకా టేపుని ఒంటికి ఆనించి కొలుచుకో. ప్యాటర్న్ మీద అదే గీతని, కుట్టు మార్జిన్ (కుట్టుకి బయట వదిలే అదనపు బట్ట) వదిలేసి, కొలువు. కాగితం ఒంటి కన్నా పొడుగ్గా ఉంటే ఆ తేడానే రేపు నోరు తెరిచేది. ఛాతీ ఎత్తుకి కాస్త పైన, మెడ అంచు దగ్గర ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్లు మడిచి, ఆ మడత చంక కుట్టు దగ్గరికి వచ్చేసరికి సున్నా అయ్యేలా సన్నగా తగ్గించుకుంటూ పో. అంచులో చిన్న వంకర వస్తుంది, స్కేలుతో సాఫీగా మళ్లీ గీసెయ్. మెడ పట్టీ ముక్క ఉంటే దాన్నీ అంతే తగ్గించడం మర్చిపోకు.

కత్తిరించాక ముక్కని ఆ అంచు పట్టుకుని పైకెత్తకు. నూలు బట్టకి మనం మెడ చుట్టూ ఒక తిన్నని కుట్టు వేసి ఆపుతాం కదా, ఇక్కడ అది పనికిరాదు, మొదటిసారి తొడుక్కుని లాగగానే దారం పుటుక్కున తెగుతుంది. 6 మిల్లీమీటర్ల పారదర్శక ఎలాస్టిక్ తీసుకో. వాడే ముందు దాన్ని నాలుగైదు సార్లు బాగా లాగి వదులు, లేదంటే కుట్టాక వదులైపోతుంది. అంచు కన్నా రెండు సెంటీమీటర్లు తక్కువ పొడవు పెట్టి, మార్జిన్ లోపల జిగ్‌జాగ్‌తో కుట్టు. ఆ తగ్గింపు అంతా ఛాతీ ఏటవాలు మీదే సర్దాలి. వెనక మెడ దగ్గర సమానంగా పరిస్తే చాలు, అక్కడ బిగిస్తే ముడతలొస్తాయి.

మెడకి పట్టీ ఉంటే అది మెడ కన్నా దాదాపు పదో వంతు తక్కువ ఉండేలా చూసుకో. మరీ తక్కువైతే ముడతలు పడతాయి. కుట్టేటప్పుడు పట్టీ పైన, టాప్ కింద పెట్టి, పట్టీని మాత్రమే లాగు. ముందు పొడవాటి కచ్చా కుట్టు వేసి తొడుక్కో. అద్దం ముందు నిటారుగా నిలబడి చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి. కూర్చో, వంగి నేల మీది వస్తువు తియ్యి, చేతులు పైకెత్తు. అప్పుడు తెరుచుకుంటే విప్పి ఇంకొంచెం తగ్గించు. ఇక్కడ ఒక గంట ఎక్కువ పట్టినా ఓపిక పట్టు తల్లీ, ఆ టాప్ నువ్వు ధైర్యంగా వేసుకుంటావా లేదా అన్నది ఆ గంటే తేలుస్తుంది.

భుజం కుట్టుకి మాత్రం సాగని సన్న టేపు పెట్టు, టాప్ బరువంతా అక్కడే వేలాడుతుంది.

మిషన్ గురించి టెన్షన్ పడకు. ఓవర్‌లాక్ (అంచులు చుట్టి కుట్టే మిషన్) లేకపోయినా ఏం కాదు. సూది మాత్రం మార్చాలి. మామూలు సూది మొన అల్లికలోని ఉంగరాలని కోసేస్తుంది, చిల్లులు పడతాయి. జెర్సీ సూది మొన గుండ్రంగా ఉండి వాటి మధ్యలోంచి జారిపోతుంది. 75 లేదా 80 నంబరు సరిపోతుంది. లైక్రా వల్ల కుట్లు ఎగిరిపోతుంటే స్ట్రెచ్ అని రాసున్న సూది వేసి చూడు. దారం పాలియెస్టర్‌దే. సన్న జిగ్‌జాగ్, వెడల్పు అర నుంచి ఒక మిల్లీమీటర్, పొడవు రెండున్నర. పాదం ఒత్తిడి తగ్గించే మీట నీ మిషన్‌కి ఉంటే తగ్గించు. బట్టని వెనక నుంచి లాగకు. మిగిలిన ముక్క మీద ముందు కుట్టి, గట్టిగా లాగి చూసుకో. కుట్టు అలలుగా వస్తే ఇస్త్రీపెట్టెని ఈడ్చకుండా పైన ఆవిరి పట్టు, చాలావరకు సర్దుకుంటుంది.

మార్జిన్ ఎంతో కవరులోని కాగితంలో చదువు. చాలా అమెరికా ప్యాటర్న్‌లలో 1.5 సెంటీమీటర్లు కలిపే ఉంటుంది, బుర్దా పత్రిక ప్యాటర్న్‌లలో అసలు కలపరు, మనమే వదులుకోవాలి. చేతులు పక్క కుట్లు వేయక ముందే, బట్ట పరిచి ఉండగానే జత చెయ్, సులువు. నాడా దూరే కంత పక్క కుట్టులో వదలడం మర్చిపోకు. దానికి రెండు చివర్లా గట్టిగా కుట్టు.

అడుగు మడత వెంటనే కుట్టొద్దు. నాడాలు కట్టి ఒక రాత్రి హ్యాంగర్‌కి వేలాడదియ్యి, విస్కోస్ ఎంత దిగాలో అంతా దిగనీ. పొద్దున్న కింది అంచు సమం చేసుకుని అప్పుడు మడిచి, జంట సూదితో మంచివైపు నుంచి కుట్టు. రెండు కుట్ల మధ్య బట్ట గట్టులా లేస్తే దారం టెన్షన్ కొద్దిగా తగ్గించు.

మెడ కచ్చా కుట్టు దగ్గరికి రాగానే ఆగి, వంగినప్పుడు పక్క నుంచి ఒక ఫొటో తీయించి పంపు. ఇంకా ఎంత తగ్గించాలో ఇద్దరం కలిసి చూద్దాం.

నీ పెద్దమ్మ