స్టాన్లీ కప్ ఫైనల్ చూడాలంటే పక్ వెంట పడకండి

సందేహం: మేం కెనడాలోని ఎడ్మంటన్ వచ్చి ఏడాది కాలేదు. ఆఫీసులో ఎవరి నోట విన్నా ఇక్కడి ఐస్ హాకీ జట్టు ఆయిలర్స్ మాటే, వాళ్ల లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ మాటే. టీవీ పెడితే ఆ నల్లబిళ్ల ఎటు పోతోందో కనబడదు. ఈ ఆట ఎలా చూడాలి?

సమాధానం: ముందు పక్ మీంచి చూపు తీసేయండి. మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉండే రబ్బరు బిళ్ల అది, కంటికి అందదు. స్టిక్‌తో దాన్ని నడిపిస్తున్న ఆటగాణ్ణీ, అతని ముందు మంచు మీదున్న నీలిగీతనూ చూడండి. ఎదుటి జట్టు వైపు నీలిగీతను పక్ కంటే ముందు తోటివాడు దాటేస్తే ఆఫ్‌సైడ్ అనే తప్పు. మధ్య ఎర్రగీతకు ఇవతలి నుంచే పక్‌ను అటు చివరి గోల్ గీత దాటేలా కొట్టేస్తే ఐసింగ్ అనే తప్పు. అలా కొట్టిన జట్టు ఆటగాళ్లను మార్చుకోకూడదు, ఆట మళ్లీ వాళ్ల గోల్ దగ్గరే మొదలవుతుంది. ఒక్కో బృందం ముప్పావు నిమిషం ఆడేసరికే అలసిపోయి మారుతుంటుంది కాబట్టి, ఈ చిన్న శిక్షే చాలాసార్లు గోల్‌కు దారితీస్తుంది.

పెనాల్టీ మనవాళ్లకు సులువుగానే అర్థమవుతుంది. కబడ్డీలో మనిషి బయటికెళ్తే కోర్టు ఎలా ఖాళీ అవుతుందో ఇక్కడా అంతే. తప్పు చేసినవాడు చిన్న తప్పుకు రెండు నిమిషాలు, పెద్దదానికి ఐదు నిమిషాలు బయట కూర్చోవాలి. చిన్న పెనాల్టీలో ఎదుటి జట్టు గోల్ చేస్తే బయటున్నవాడు వెంటనే లోపలికొస్తాడు, పెద్దదానిలో రాడు. మనిషి తక్కువైన జట్టుకు ఐసింగ్ వర్తించదు. అందుకే ఆ రెండు నిమిషాలూ పక్‌ను దూరంగా కొట్టి కాలం గడుపుతారు.

కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది స్కోరు సమమైతే ఆడే ఓవర్‌టైమ్ దగ్గర. మామూలు సీజన్‌లో, గోల్ కాసే గోలీ కాక, ముగ్గురితో ముగ్గురు ఐదు నిమిషాలు ఆడి, తేలకపోతే ఒక్కొక్కరూ గోలీతో ఒంటరిగా తలపడే షూటౌట్‌కు వెళ్తారు. సీజన్ తర్వాత కప్ కోసం జరిగే ప్లేఆఫ్స్‌లో షూటౌట్ లేదు. ఐదుగురితో ఐదుగురు, ఇరవై నిమిషాల చొప్పున, ఒక గోల్ పడేదాకా ఆడుతూనే ఉంటారు. ఎడ్మంటన్‌లో ఫైనల్ ఆట సాయంత్రం ఆరుకు మొదలైతే మామూలుగా తొమ్మిదిలోపు అయిపోతుంది. ఓవర్‌టైమ్ వస్తే చెప్పలేం. ఆఖరి రైలు వేళ ముందే చూసుకోండి.

ఫైనల్‌లో ఎవరు ముందుగా నాలుగు ఆటలు గెలిస్తే వాళ్లది కప్. 2024లో ఫ్లోరిడా పాంథర్స్ వరుసగా మూడు గెలిచింది. ఆయిలర్స్ 8-1, 5-3, 5-1 తేడాలతో మూడూ తిరిగి గెలిచి, ఏడో ఆటలో 2-1తో ఓడిపోయారు. ఓడిన జట్టులో ఉండి కూడా ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడి ట్రోఫీ మెక్‌డేవిడ్‌కు దక్కింది. 2025లో మళ్లీ అవే రెండు జట్లు. నాలుగో ఆటలో 3-0 వెనకబడిన ఆయిలర్స్ 4-3 ఆధిక్యంలోకి వచ్చారు. పాంథర్స్ గోలీని బయటికి పిలిచి ఆరో ఆటగాణ్ణి దించింది, ఇక 20 సెకన్లు కూడా లేవనగా రైన్‌హార్ట్ సమం చేశాడు. చివరికి ఓవర్‌టైమ్‌లో డ్రైసైటిల్ ఆయిలర్స్‌ను గెలిపించాడు. ఆఖరి నిమిషాల్లో గోల్ ముందు ఎవరూ లేకపోవడం చూసి తప్పు జరిగిందనుకోకండి, ఓడుతున్నవాళ్లు తెగించి చేసే పని అది. ఆ సిరీస్ ఆరో ఆటలో 5-1తో ముగిసింది, కప్ మళ్లీ పాంథర్స్‌దే. ఆయిలర్స్ చివరిసారి కప్ గెలిచింది 1990లో. మీ సహోద్యోగుల ఆరాటానికి కారణం అదే, ఓడిన మర్నాడు వాళ్లతో ఆ విషయంలో పరాచికాలాడకండి.

ఆయిలర్స్ ఆడే స్టేడియం రోజర్స్ ప్లేస్‌కు వెళ్తే ఎండాకాలమైనా పిల్లలకు స్వెటర్ పట్టుకెళ్లండి, మంచు పక్కన చలి ఉంటుంది. ఆట నడుస్తుండగా సీట్ల మధ్య నడవకూడదు, విజిల్ పడేదాకా మెట్ల దగ్గర ఆగాలి. చుట్టూ ఉండే గాజు గోడ పైనుంచి పక్ జనంలోకి ఎగిరి రావొచ్చు, కాబట్టి ఫోన్‌లో తల దూర్చి కూర్చోవద్దు. సిరీస్ ముగిశాక వెంటనే లేచిపోకండి. అప్పటిదాకా ఒకరినొకరు గోడకేసి గుద్దుకున్నవాళ్లు వరుసకట్టి చేతులు కలుపుతారు, ఆ తర్వాతే కప్ గెలిచిన జట్టు కెప్టెన్ చేతికొస్తుంది.