పార్కిన్సన్స్ ఉన్న అమ్మకు అలారం బటన్: అది ఎవరింట్లో మోగాలి?

ప్రశ్న: మా అమ్మకు 66 ఏళ్లు. ఆరేళ్లుగా పార్కిన్సన్స్ వ్యాధి ఉంది. నాన్న పోయాక తెనాలిలో సొంత ఇంట్లో ఒక్కతే ఉంటోంది. నేను పుణెలో ఉద్యోగం చేస్తున్నాను. పోయిన నెల తెల్లవారుజామున బాత్రూమ్ దగ్గర పడిపోయి, పనిమనిషి వచ్చేదాకా రెండు గంటలు నేల మీదే ఉండిపోయింది. ఎముకలేవీ విరగలేదు. మెడలో వేసుకునే అలారం బటన్ కొందామంటే ‘నేనేమన్నా ఆవునా, మెడలో గంట కట్టడానికి?’ అంటోంది. తమ్ముడేమో స్మార్ట్‌వాచ్ మేలంటున్నాడు. ఏది కొనమంటారు?
– ఒక పాఠకురాలు, పుణె

జవాబు: ఎముక విరగలేదు కదా అని ఆ రెండు గంటలను తేలిగ్గా తీసుకోకండి. గంటకు మించి గట్టి నేల మీద కదలలేక పడి ఉంటే, శరీరం బరువు కింద నలిగిన కండరాల నుంచి రక్తంలోకి చేరే పదార్థాలు మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు. ఒంట్లో నీరు తగ్గుతుంది, ఒరుసుకున్నచోట చర్మం పుండుపడుతుంది, పైగా ఈ వ్యాధికి వాడే లెవోడోపా మాత్ర వేళకు పడక ఒళ్లు ఇంకా బిగుసుకుపోతుంది. అలారం ఉన్నంత మాత్రాన పడిపోవడం ఆగదు. నేల మీద గడిచే సమయాన్ని తగ్గించడమే దాని పని.

ఆమె పడిన వేళను గమనించండి. రాత్రి వేసుకున్న మాత్ర ప్రభావం తెల్లవారేసరికి దాదాపు పోతుంది. అడుగు నేలకు అతుక్కుపోయినట్టు అయ్యేదీ, వేళ్లు మొరాయించేదీ ఎక్కువగా అప్పుడే. ఈ వ్యాధిలో గొంతు కూడా సన్నబడుతుంది కాబట్టి, కేకేస్తే పక్కింటివాళ్లు వస్తారనుకోవడానికి లేదు. మాటతో పనిచేసే స్పీకర్లకూ ఆ గొంతు అందకపోవచ్చు. అందుకే ఏ పరికరమైనా, పగలు పదింటికి చెయ్యి బాగా ఆడుతున్నప్పుడు చూసి కొనకండి. ఉదయం మొదటి మాత్రకు ముందు ఆమె మంచం మీద పడుకునే దాన్ని నొక్కగలుగుతున్నారా, వణుకు ఎక్కువగా ఉన్న చేత్తో కూడా నొక్కగలుగుతున్నారా అన్నది చూడండి. వ్యాధి ముదిరే స్వభావం గలది కనుక, రెండేళ్ల తర్వాతి చేతికి కూడా పనికొచ్చేలా పెద్దగా, ఉబ్బెత్తుగా ఉన్న బటన్ ఎంచుకోవాలి.

మీ తమ్ముడు చెప్పిన వాచీని నేను కాదనను. 2018లో వచ్చిన ఆపిల్ వాచ్ సిరీస్ 4 నుంచి, గట్టిగా పడి కదలకుండా ఉంటే దానంతటదే కాల్ చేసే సదుపాయం ఉంది. అయితే అలాంటి వాచీలు కుదుపును బట్టి పడినట్టు గుర్తిస్తాయి. పార్కిన్సన్స్ ఉన్నవారు చాలాసార్లు గోడ పట్టుకుని మెల్లగా జారి కూలబడతారు, అది వాచీ లెక్కలోకి రాకపోవచ్చు. రోజూ ఛార్జింగ్ పెట్టడం, వణికే వేలితో తెర మీద తాకడం వేరే తలనొప్పి. పైగా మణికట్టుకు ఉన్న బటన్‌ను రెండో చెయ్యి వచ్చి నొక్కాలి. ఒక చెయ్యి ఒంటి కింద ఇరుక్కుంటే కష్టమే. మెడలోదైతే ఏ చేతికైనా అందుతుంది. మీ అమ్మగారికి నేనైతే మెడలోదే సూచిస్తాను. తాడు మాత్రం దేనికైనా తగులుకుని గట్టిగా లాగినప్పుడు ఊడి వచ్చే రకం అయి ఉండాలి.

ఇక అసలు సంగతి, అది ఎక్కడ మోగాలన్నది. తెల్లవారుజామున నాలుగింటికి పుణెలో మీ ఫోన్ మోగితే మీరు చేయగలిగిందల్లా మళ్లీ తెనాలిలో ఎవరికో ఫోన్ చేయడమే. కాబట్టి సిమ్ కార్డుతో పనిచేసే పరికరంలో మొదటి నంబరు, ఐదు నిమిషాల్లో రాగలిగిన మనిషిది ఉండాలి. మీది ఆ తర్వాత. గోడకు గోడ ఆనుకున్న పొరుగువారు ఒప్పుకుంటే వైర్‌లెస్ కాలింగ్ బెల్ కూడా చాలు: బటన్ అమ్మగారి దగ్గర, మోగేది వాళ్లింట్లో. కాంక్రీటు గోడలు దాటి వినిపిస్తోందో లేదో నిలబడి పరీక్షించండి. ప్లగ్‌లో పెట్టే బెల్ అయితే ఇన్వర్టర్ ఉన్న సాకెట్‌లోనే పెట్టించండి, కరెంటు పోయిన రాత్రే దాని అవసరం పడవచ్చు. బెల్ మోగి మనిషి పరుగెత్తుకొచ్చినా, లోపల గడియ వేసి ఉంటే ఏం లాభం? బయటి నుంచి తాళం చెవితో తీయగలిగే తాళం బిగించి, ఒక చెవి వారి దగ్గర ఉంచండి. బాత్రూమ్ తలుపుకు లోపలి గడియ తీసేయండి. తలకు దెబ్బ తగిలినా, తుంటి నొప్పితో కాలు కదపలేకపోయినా ఎవరూ లేవదీయకుండా 108కి ఫోన్ చేయాలని వచ్చేవారికి ముందే చెప్పి ఉంచండి.

2017 నుంచి మన దేశంలో అమ్మే స్మార్ట్‌ఫోన్లలో పవర్ బటన్ వెంటవెంటనే మూడుసార్లు నొక్కితే, కీప్యాడ్ ఫోన్లలో 5 లేదా 9 నొక్కి పట్టుకుంటే అత్యవసర కాల్ వెళ్లాలన్న నిబంధన ఉంది. అమ్మగారి ఫోన్‌లో అది పనిచేసేలా పెట్టండి. కానీ ఆమె బాత్రూమ్‌లో ఉన్నప్పుడు ఫోన్ దిండు పక్కన ఉంటుంది కదా.

నా దగ్గరికి వచ్చే ఒకావిడ తన బటన్‌ను తడుస్తుందని స్నానానికి ముందు తీసి, దేవుడి పటాల పక్క మేకుకు భద్రంగా తగిలించేవారు. పడింది స్నానాల గదిలోనే. నీటికి పాడవని రకం కొని, పడుకునేటప్పుడూ స్నానంలోనూ మెడలోనే ఉంచమనండి. బాత్రూమ్ గోడకు, నేల నుంచి జానెడు ఎత్తులో మరో బటన్ అంటించండి. నిలబడినవారికి అందే ఎత్తులో ఉంటే పడినవారికి అందదు.

‘మెడలో గంట’ అన్న అమ్మగారి మాటను మొండితనంగా తీసుకోవద్దు. తన ఇంట్లో తాను ఒంటరిగా ఉండగలనన్న ధైర్యమే ఆమెకు ఆసరా. ఈ బటన్ ఉంటే పుణెకు రమ్మని బలవంతపెట్టనని మీరు మాట ఇవ్వగలిగితే ఇవ్వండి. ఎవరింట్లో మోగాలో, చెవి ఎవరికివ్వాలో ఆమెనే నిర్ణయించనివ్వండి. నెలకోసారి ఆమె చేతనే నొక్కించి చూస్తే బ్యాటరీ సంగతీ తెలుస్తుంది, చెయ్యి సంగతీ తెలుస్తుంది.

ఆమె పడినప్పుడు, పడబోయి ఆగినప్పుడు కూడా టైమును, అంతకుముందు మాత్ర వేసుకున్న టైమును ఒక కాగితం మీద రాయించండి. పడుకున్నప్పుడూ, లేచి నిలబడిన మూడు నిమిషాల లోపూ బీపీ చూపించండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతుంటే, పడటానికి అదీ ఒక కారణం కావచ్చు. మాత్రలు మీ అంతట మీరు మార్చవద్దు. ఆ కాగితం, ఆ బీపీ అంకెలు పట్టుకుని ఈ నెలలోనే న్యూరాలజిస్టును కలవండి. రాత్రి మాత్రను, తెల్లవారు మాత్రను ఎలా సర్దాలో వారు వాటిని చూసే చెప్పగలుగుతారు.