అన్నిటికీ "నేనే" అంటాడు!

ప్రశ్న: మా బాబుకి రెండేళ్ల రెండు నెలలండీ. చెప్పులు నేనే, లిఫ్ట్ బటన్ నేనే, అన్నం కూడా నేనే అని గిన్నె లాక్కుంటాడు, నోట్లోకి పోయేది నాలుగు ముద్దలు, కింద పడేది గుప్పెడు. అత్తయ్యగారేమో పిల్లాడు చిక్కిపోతున్నాడని ఫోన్లో పాటలు పెట్టి ఇల్లంతా వెనకాలే తిరిగి తినిపిస్తారు. వద్దంటే బాధపడతారు. ఏం చెయ్యాలి?
- ఒక అమ్మ, ఖమ్మం

జవాబు: మీ వాడిది మొండితనం కాదమ్మా. ఏడాదిన్నర నుంచి మూడేళ్ల దాకా పిల్లలు ఇలాగే ఉంటారు, తన చెయ్యి తన మాట వింటోందని వాడికి ఇప్పుడిప్పుడే తెలుస్తోంది మరి.

ఇక చిక్కిపోవడం సంగతి. మూడు కిలోలతో పుట్టిన బిడ్డ ఏడాదికి దాదాపు తొమ్మిదికి వస్తుంది, కానీ రెండో ఏడాది మొత్తంలో పెరిగేది రెండు, రెండున్నర కిలోలే, అందుకే ఆకలి కూడా తగ్గినట్టు కనిపిస్తుంది. ఈసారి బరువు చూపించడానికి అత్తయ్యగారిని కూడా తీసుకెళ్లండి, అదే మాట డాక్టర్ నోట వింటే ఆవిడకి ధైర్యంగా ఉంటుంది, మీకూ మాట రాదు.

ఫోన్ మాత్రం అన్నం దగ్గర వద్దే వద్దు. రెండేళ్ల పిల్లలకి రోజుకి గంట మించకూడదని, ఇంకా తక్కువైతే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. పైగా బొమ్మలు చూస్తూ తింటే కడుపు నిండిన సంగతే వాడికి తెలీదు.

మధ్యాహ్నం ఒక్కపూట మొదలుపెట్టండి. చాప వేసి, పప్పన్నం జారకుండా కాస్త గట్టిగా కలిపి, చిన్న స్టీలు గిన్నెలో రెండు ముద్దలే పెట్టండి, అయ్యాక ఇంకో రెండు. అత్తయ్యగారిని పక్కనే కూర్చుని తన కంచంలో తినమనండి, వాడు నాయనమ్మని చూసే నేర్చుకుంటాడు, ఆ మాట ఆవిడతో అనండి కూడా. మా అమ్మాయి ఆ వయసులో పెరుగన్నం జుట్టంతా పూసుకుని, ఆఖరి మెతుకుని వేలితో నొక్కి పట్టి నోట్లో పెట్టుకుని నా వైపు చూసింది, ఆ మొహం నాకింకా కళ్లముందే ఉంది.

నడుస్తూ తినొద్దు, కూర్చునే తినాలి. వేరుశనగ గింజలు ఇవ్వకండి, ద్రాక్ష అయితే నిలువుగా నాలుగు ముక్కలు కోసి పెట్టండి, గొంతుకి అడ్డం పడతాయి. పొయ్యి దగ్గర, రోడ్డు మీద "నేనే" కుదరదు, అక్కడ ఏడ్చినా సరే చెయ్యి వదలొద్దు. చెప్పులంటారా, ఓ పది నిమిషాలు ముందు బయల్దేరండి, కుడిది ఎడమకి వేసుకున్నా వేసుకోనివ్వండి.

రెండు వారాలు చూసి మళ్లీ రాయండి, అత్తయ్యగారు ఏమన్నారో కూడా.