కనురెప్పలకూ ఛాతీలోని గ్రంథికీ ఏమిటి సంబంధం?

ప్రశ్న: మా చెల్లెలి వయసు 28 ఏళ్లు, బట్టల దుకాణంలో పని చేస్తుంది. పొద్దున బాగానే ఉంటుంది కానీ సాయంత్రానికి రెప్పలు వాలిపోతాయి, నాలుగు ముద్దలు నమిలేసరికి దవడ అలసిపోతుంది. విజయవాడలో న్యూరాలజిస్టు గారు రక్తపరీక్ష చేయించి మయస్థీనియా గ్రేవిస్ అన్నారు. సీటీ స్కాన్ చూశాక థైమస్ గ్రంథిని తీసేయాల్సి రావచ్చట. కళ్ల జబ్బుకు ఛాతీలో ఆపరేషన్ ఎందుకు? అది లేకపోతే రోగనిరోధక శక్తి తగ్గదా?
- ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీకు సందేహం రావడంలో వింత లేదు, 1961లో జాక్ మిల్లర్ అనే పరిశోధకుడు ఎలుకల మీద ప్రయోగాలతో తేల్చేదాకా ఈ గ్రంథి ఎందుకుందో వైద్యులకే సరిగా తెలియదు. రొమ్ము ఎముక వెనుక ఉండే థైమస్‌లో, ఎముక మజ్జ నుంచి వచ్చిన కణాలు టి-కణాలుగా, అంటే రోగాలతో పోరాడే ఒక రకం తెల్లరక్తకణాలుగా ఎదుగుతాయి. సొంత శరీరపు ప్రొటీన్ల మచ్చుతునకలను అక్కడే వాటికి చూపడం, వాటిపై గట్టిగా విరుచుకుపడే కణాలు అక్కడికక్కడే నశించడం జరుగుతుంది. ఈ వడపోతను తప్పించుకున్నవాటిని అదుపులో పెట్టే నియంత్రక టి-కణాలూ చాలావరకు ఇక్కడే తయారవుతాయి. 2025 వైద్య నోబెల్ ఈ కణాలను గుర్తించినందుకే ఇచ్చారు.

మీ చెల్లెలి జబ్బులో కంచే చేను మేస్తుంది. నరం నుంచి వచ్చే అసిటైల్‌కొలిన్ సంకేతాన్ని కండరం అందుకునే గ్రాహకాలను, రోగాలపై పోరాడాల్సిన ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) దెబ్బతీస్తాయి. వాడే కొద్దీ కండరం అలసిపోవడం, సాయంత్రానికి రెప్పలు వాలడం అందుకే. అవే గ్రాహకాలు థైమస్‌లోని కొన్ని కణాల మీదా ఉంటాయి. చాలామంది రోగుల్లో ఆ గ్రంథి ఉబ్బి, ప్రతిరక్షకాలను తయారుచేసే బి-కణాలు అందులోనే గుమిగూడతాయి. నూటికి 10 నుంచి 15 మందిలో థైమోమా అనే కణితి కూడా ఉంటుంది కనుకనే సీటీ స్కాన్ తీయిస్తారు.

కణితి ఉంటే సాధారణంగా తీసివేయవలసిందే. కణితి లేకపోయినా, జబ్బు కళ్లను దాటి ఇతర కండరాలకు పాకి, రక్తంలో ఆ ప్రతిరక్షకాలు కనిపించినవారికి ఆపరేషన్ మేలు చేస్తుందని, స్టెరాయిడ్ల అవసరం తగ్గుతుందని 2016లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనం చూపింది. గుణం నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడిచాక కనిపిస్తుంది; మర్నాడే మాత్రలు మానేయవచ్చనుకోకండి.

టి-కణాల నిల్వ చిన్నతనంలోనే చాలావరకు సమకూరుతుంది, యౌవనం తరువాత గ్రంథి కుంచించుకుపోతుంది కాబట్టి నిరోధక శక్తి ఒక్కసారిగా కుప్పకూలదు. అయితే పెద్దవారిలో అది పూర్తిగా నిరుపయోగమన్న పాత మాట ఇప్పుడు నిలబడడం లేదు. అందువల్ల తీయడానికి తగిన కారణం ఉండాలి. మీ చెల్లెలి విషయంలో అది ఉందో లేదో మీ వైద్యుడినే అడగండి.

ఈలోగా జ్వరమొచ్చినా మందుల షాపులో సొంతంగా యాంటీబయాటిక్ కొనవద్దు, వాటిలో కొన్ని ఈ జబ్బును ముదిరిస్తాయి. మింగడం కష్టమైనా, ఊపిరి అందకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.