పాప ఆ పట్టులంగా వేసుకోనంటోంది

ప్రశ్న: మాది కర్నూలు. బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. నిరుడు మా అమ్మ పోయింది. ఆమె పట్టుచీర కత్తిరించి, రాత్రిళ్లు కూర్చుని మా ఆరేళ్ల పాపకు లంగా జాకెట్టు కుట్టాను. వేసిన కాసేపటికే ‘గుచ్చుకుంటోంది, వద్దు’ అని ఏడ్చి విప్పేసింది. పుట్టినరోజుకి ఫ్రెండ్స్‌లాగా షాపు గౌనే కావాలట. కోపం ఆపుకోలేక ఒకటి వేశాను. మావారేమో ‘కొనేస్తే పోయేది కదా, ఎందుకీ తంటా’ అంటున్నారు. అప్పట్నుంచి మిషన్ ముట్టుకోబుద్ధి కావడం లేదు.

జవాబు: అమ్మ చీర మీద కత్తెర పెట్టాలంటే ఎవరికైనా చెయ్యి ఆడదు. మీరు ఆ పని చేశారు. కాబట్టే పాప వద్దనగానే అంత నొప్పి కలిగింది. అయితే పాప అన్న మాట ఒక్కసారి మళ్లీ వినండి. ‘గుచ్చుకుంటోంది’ అంది. అది సాకు కాదని నా నమ్మకం. జాకెట్టు తిరగేసి, చంక దగ్గరి కుట్టును, చేతి అంచును మీ మోచేతి లోపలి వైపు రాసి చూడండి. జరీ పోగులు వెనకవైపు తేలి ఉంటాయి. కత్తిరించిన చోట ఇంకా గరుగ్గా ఉంటాయి. పెద్దవాళ్లం ఓర్చుకుంటాం, పిల్లలు ఓర్చుకోలేరు.

ముందు కొట్టినందుకు పాపకు సారీ చెప్పండి. అలా చెబితే పిల్లల దగ్గర లోకువైపోతామని కొందరంటారు, నేను ఒప్పుకోను. పుట్టినరోజుకి గౌను వేసుకోనివ్వండి. స్నేహితుల్లాగా కనపడాలనుకోవడం ఆ వయసుకి సహజం.

ఇక లంగా సంగతి. మీ బెంగళూరు చిక్కపేటలోనో మామూలుపేటలోనో మెత్తటి కాటన్ లైనింగ్ కొనండి. రంగు పాపనే ఎంచుకోనివ్వండి. కాటన్ కుంచించుకుపోతుంది కనుక ఓసారి తడిపి ఆరబెట్టాకే కత్తిరించండి. జరీ ఎక్కడా ఒంటికి తగలకుండా లోపలంతా లైనింగ్ వెయ్యండి. నడుముకి బొందు బదులు లంగాకే చేతుల్లేని కాటన్ బాడీ కలిపి కుడితే బరువు భుజాల మీద పడుతుంది, నడుము ఒరుసుకోదు. పాత పట్టు కుట్ల దగ్గర లాగితే చిరుగుతుంది, చంకలు వదులుగా ఉంచండి. అంచు దగ్గర రెండు టక్కులు వేస్తే పాప పొడుగైనప్పుడు విప్పుకోవచ్చు.

మీ గురించి కూడా ఒక మాట. అమ్మ పోయిన దిగులంతా ఆ గుడ్డలో పెట్టి కుట్టారనిపిస్తోంది. ఆ బరువు ఆరేళ్ల పిల్ల మొయ్యలేదు. మీవారికి అక్కడ కనబడింది లంగా ఒక్కటే, ఆ రాత్రిళ్లు మీరు అమ్మను తలచుకుంటూ కూర్చున్నారని ఆయనకు తెలియకపోవచ్చు. నోరు తెరిచి చెప్పండి. ఏడుపొస్తే ఆయన ముందే ఏడవండి. నిద్ర పట్టకపోవడం, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం వారాల తరబడి సాగుతుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. డబ్బులు తీసుకోరు, తెలుగులోనూ మాట్లాడతారు. చీరలో మిగిలిన ముక్కను మాత్రం ఇప్పుడే కత్తిరించకండి, పాప కాస్త ఎదిగాక తనకేం కావాలో అడిగి కుట్టండి.