కార్బమజెపైన్ మొదలుపెట్టే ముందు జన్యు పరీక్ష అవసరమా?

అవసరమే, ముఖ్యంగా పూర్వీకులు ఆసియా వారైతే.

మూర్ఛకు, ముఖంలో వచ్చే నరాల నొప్పికి వాడే ఈ మందు చాలామందికి బాగానే పడుతుంది. కొద్దిమందికి మాత్రం స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ అనే తీవ్రమైన చర్మ రియాక్షన్ రావచ్చు. ముందు జ్వరం, కళ్ల మంట, గొంతు నొప్పి. మామూలు జలుబే అనుకుంటారు. ఆ తర్వాత ఎర్రటి మచ్చలు, నోట్లో పుండ్లు, బొబ్బలు, చర్మం పొరలుగా ఊడిపోవడం. ప్రాణాపాయం తప్పినా కొందరికి చూపు దెబ్బతింటుంది.

హెచ్‌ఎల్‌ఏ-బి 15:02 అనే జన్యు రకం ఉన్నవారికి ఈ ముప్పు చాలా ఎక్కువ. ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్‌కు మందు అతుక్కుంటే, రోగనిరోధక కణాలు సొంత చర్మం మీదే దాడి చేస్తాయి. తైవాన్‌లో జరిగి 2011లో వెలువడిన అధ్యయనంలో 4,877 మందిని ముందే పరీక్షించారు. వారిలో 7.7 శాతం మందికి ఈ రకం ఉందని తేలింది, వాళ్లకు ఆ మందు ఇవ్వలేదు. ఒక్కరికీ ఈ సిండ్రోమ్ రాలేదు. పరీక్ష చేయించమనడానికి నాకు ఈ రుజువు చాలు.

కొంచెం రక్తం ఇస్తే సరిపోతుంది, ఫలితం జీవితాంతం మారదు.

పాజిటివ్ వస్తే కంగారు వద్దు, అలాంటివారిలో కూడా ఎక్కువమందికి రియాక్షన్ రాదు. అయినా డాక్టర్ వేరే మందు రాయడమే మేలు. నెగటివ్ వచ్చినా మొదటి రెండు మూడు నెలలు ఒళ్లు గమనించుకోండి, ఎందుకంటే వేరే కారణాలూ ఉంటాయి. జ్వరంతో దద్దుర్లు, నోటిపూత కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. ఏళ్ల తరబడి ఇబ్బంది లేకుండా వాడుతున్నవారు మాత్రం ఇది చదివి మందు ఆపేయకండి, మూర్ఛ తిరగబెట్టవచ్చు.